వంతుల పలక

ఒంటిగంట ఆట ముగిసేసరికి బాయిలర్ ఆగిపోయి రెండు గంటలు దాటింది. మేకప్ గదిలో అమ్మాయిలు మెరుపుల బట్టల మీద చలికోట్లు తొడుక్కుని, ఉన్న ఒక్క కరెంటు హీటర్ చుట్టూ మోకాళ్లు ఆనించి కూర్చున్నారు. వెనక తలుపు కింది సందులోంచి సరస్సు గాలి వస్తోంది. అక్టోబరు నెల. ఇంకో మూడు వారాల్లో ఎన్నికలు.

వెర్నా మాత్రం హీటర్ దగ్గర లేదు. తలుపు పక్కన మేకుకు వేలాడుతున్న పలక ముందు నిలబడి ఉంది. పలక మీద సుద్దముక్కతో పన్నెండు పేర్లు రాసి ఉన్నాయి. పై మూడు పేర్ల మీద అడ్డగీతలు. నాలుగోది వెర్నా టిబెట్స్.

"చూస్తూ కూర్చుంటే చెరిగిపోద్దా ఏంటే అది?" అంది హీటర్ దగ్గర్నుంచి ఒకమ్మాయి.

"ఊరుకోవే. దాని బాధ దానిది."

ముసలి హాస్యగాడు లూ తన వదులు ప్యాంటుకి పిన్నీసులు పెట్టుకుంటూ గుమ్మంలోంచి తల లోపలికి పెట్టాడు. "నా పేరు రాసుకోమని చెప్పు తల్లీ. నేను గానీ బట్టలు విప్పానంటే ఆ పోలీసు లెఫ్టినెంటే అరెస్టు చెయ్యడం మానేసి పారిపోతాడు."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. వెర్నా నవ్వలేదు. అప్పుడే మార్తా హ్రుష్కా లోపలికి వచ్చింది. నవ్వులు ఆగాయి.

మార్తాకు నలభై ఎనిమిదేళ్లు. ఈ లారెల్ థియేటరు ఆమెది. ముందు వరసల్లో స్ప్రింగులు తేలిన కుర్చీలు, రంగు వెలిసిన ఎర్ర తెర, చెడిపోయిన బాయిలర్ అన్నీ ఆమెవే. కోటుకు పైదాకా గుండీలు పెట్టుకుని, జుట్టు బిగించి ముడివేసుకుని, బడిలో పెద్ద పంతులమ్మలా ఉంటుంది. ఒకప్పుడు ఇదే స్టేజీ మీద ఆమె బొమ్మను ఆరడుగుల అట్ట మీద గీయించి బయట నిలబెట్టేవాళ్లు.

"మూడున్నర ఆటకి పోలీసులు వస్తారు," అంది మార్తా. "వెర్నా, నీ పాట నాలుగోది. ఎప్పటిలాగే చెయ్యి. పైబట్ట తీసేదాకా వాళ్లు వెనకే నిలబడతారు. ఆ తర్వాత ఫోటో తీస్తారు. తల దించుకో, మొహం సరిగ్గా పడదు. యాభై డాలర్ల జరిమానా నేను కడతా. వారం సెలవిచ్చి జీతమూ ఇస్తా. ఇవన్నీ నీకు తెలిసినవే."

"మేడమ్, గురువారం కోర్టుంది."

"తెలుసు."

"మా అత్త నా బిడ్డని లాక్కోవాలని చూస్తోంది. జూడీకి నాలుగేళ్లు. రేపు నా బొమ్మ పేపర్లో వస్తే ఎల్లుండి ఆ జడ్జి చేతిలో ఉంటుంది. ఒక్క నెల ఆగండి మేడమ్. ఒక్క నెల. తర్వాత వరసగా రెండుసార్లు వెళ్తాను. మూడుసార్లు వెళ్తాను."

"ఈ ఉద్యోగం వదిలేసి వెళ్లిపోవే," అంది హీటర్ దగ్గరి అమ్మాయి, జాలిగానే.

వెర్నా గిరుక్కున తిరిగింది. "వదిలేస్తే వారానికి యాభై అయిదు ఎవరిస్తారు? మీ నాన్నా? ఉద్యోగం లేని తల్లికి పిల్లనిస్తారా? లాయరు మొదట అడిగిందే అది."

మార్తా పలక మీద నాలుగో పేరు మీద వేలు పెట్టింది. "సరే. ఇది చెరిపేస్తా. దీని బదులు ఎవరి పేరు రాయమంటావో నువ్వే చెప్పు."

వెర్నా హీటర్ వైపు చూసింది. అక్కడున్న ఎనిమిది మందీ ఒకరి తర్వాత ఒకరు గోళ్లు చూసుకోవడమో, మేజోళ్లు సర్దుకోవడమో మొదలుపెట్టారు. ఒకమ్మాయి తండ్రి చర్చిలో వాయిద్యం వాయిస్తాడు. కూతురు గాజు ఫ్యాక్టరీ ఆఫీసులో టైపు చేస్తోందని అనుకుంటున్నాడు. ఇంకొకమ్మాయికి పెళ్లి కుదిరింది. వెర్నాకు అందరి సంగతులూ తెలుసు. ఒకే అద్దం ముందు రోజుకు నాలుగు ఆటలకు ముస్తాబయ్యే ఆడవాళ్ల మధ్య రహస్యాలు దాగవు.

వెర్నా చూపు మళ్లీ పలక మీదికి తిప్పుకుంది.

"అందుకే వంతు," అంది మార్తా నెమ్మదిగా.

ఆ మాట అన్నాక మార్తా అక్కడ నిలబడలేదు. చీకటి వసారా దాటి, ఖాళీ హాల్లోంచి నడుచుకుంటూ ఆఫీసు గదికి వెళ్లింది. పదకొండు వందల సీట్లలో ఒంటిగంట ఆటకు డెబ్భై మంది వచ్చారు. యుద్ధం రోజుల్లో ఇదే హాల్లో జనం గోడలకు ఆనుకుని నిలబడి చూసేవాళ్లు. ఇప్పుడు మగాళ్లు ఇళ్లలో టెలివిజన్ ముందు కూర్చుంటున్నారు. ఇక్కడికి వచ్చేది షిఫ్టు దిగిన ఒంటరివాళ్లూ, వానకు తలదాచుకునేవాళ్లూ. తొంభై సెంట్ల టికెట్టుకు నాలుగు గంటలు వెచ్చగా కూర్చోవచ్చని వస్తారు. ఈ రోజు ఆ వెచ్చదనమూ లేదు.

మార్తా పదిహేడేళ్లకు ఈ థియేటర్లో గుంపు నాట్యంలో చేరింది. తండ్రి గాజు కొలిమి దగ్గర ఊపిరితిత్తులు పాడుచేసుకుని మంచాన పడ్డాడు. లాండ్రీలో వారానికి పదకొండు డాలర్లు వస్తున్న చోట, ఇక్కడ పద్దెనిమిది ఇస్తామన్నారు. అప్పటి యజమాని ఫ్యారెల్. ఊళ్లో ఎన్నికలు వచ్చే ముందు పోలీసులు వచ్చి ఒకమ్మాయిని పట్టుకెళ్లడం ఆ రోజుల నుంచీ ఉన్న ఆచారమే. నగరం శుభ్రపడుతోందని పత్రికలో పడాలి. ఎవరిని పంపాలో ఫ్యారెల్ చెప్పేవాడు. సాధారణంగా అంతకు ముందు నెలలో తన గది తలుపు తట్టనన్న అమ్మాయి పేరే చెప్పేవాడు.

పందొమ్మిది వందల ముప్పై నాలుగులో మార్తా తట్టనంది.

అప్పటికి ఆమె కూతురు అన్నాకు మూడేళ్లు. భర్త చనిపోయి ఏడాది. అత్తగారు పత్రిక ముక్కను నాలుగు మడతలు పెట్టి చేతిసంచీలో తెచ్చింది. జడ్జి దాన్ని విప్పి చూసి ఒకటే ప్రశ్న అడిగాడు. "ఇది నువ్వేనా?" అవునంది. మొత్తం పది నిమిషాలు పట్టలేదు. అన్నా ఇప్పుడు క్లీవ్‌లాండ్‌లో ఉంటుంది. మార్తా ఒకే ఒకసారి ఫోను చేసింది. అవతలి గొంతు మర్యాదగా, "మా అమ్మ నా చిన్నప్పుడే పోయిందండీ," అని చెప్పింది.

ఆ తర్వాత మార్తాకు భయపడడానికి ఏమీ మిగలలేదు. ఊరూరా తిరిగి ఆడింది. యుద్ధం నాటికి వారానికి నాలుగు వందలు తీసుకునేది. తాగలేదు, నగలు కొనలేదు, ఏ మగాడికీ దాచుకోమని ఇవ్వలేదు. నలభై ఆరులో ఫ్యారెల్‌కు పక్షవాతం వస్తే ఇరవై రెండు వేలకు లారెల్ కొనేసింది. తాళాలు చేతికొచ్చిన రోజు ఆమె చేసిన మొదటి పని బజారుకెళ్లి బడిపిల్లల పలక ఒకటి కొనడం. అమ్మాయిలందర్నీ పిలిచి పేర్లు రాసింది. ఇకమీదట ఇక్కడ ఎవడి ఇష్టాయిష్టాలూ చెల్లవు, అందరిదీ ఒకే వరస, జరిమానా యాజమాన్యానిది అని చెప్పింది. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. ఒకమ్మాయి ఏడ్చింది కూడా. ఆ చప్పట్లను మార్తా పదేళ్లుగా దాచుకుంది.

మొదట్లో వంతులు మార్చుకోనిచ్చింది. అప్పుడు పెగ్ అనే అమ్మాయి తయారైంది. నా అన్నవాళ్లెవరూ లేరు దానికి. తలకు పదిహేను డాలర్లు తీసుకుని అందరి వంతులూ తనే వెళ్లేది. నాలుగోసారి జడ్జి ఆ మొహాన్ని గుర్తుపట్టి ఆరునెలలు శిక్ష వేశాడు. జైలు లాండ్రీ నుంచి దగ్గుతో బయటికొచ్చింది, చలికాలం దాటలేదు. అప్పట్నుంచి వంతు మార్చుకోవడం లేదు. ఆ నియమం కూడా మార్తా న్యాయం కోసమే పెట్టింది.

ఆఫీసు గదిలో లెఫ్టినెంట్ డ్రిస్కల్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. పక్క తలుపులోంచి వచ్చాడు. తడిసిన టోపీని ఆమె బల్ల మీద పెట్టుకుని, కాగితం పొట్లంలోంచి సాసేజి రొట్టె తింటున్నాడు.

"ఈ గదిలో శవాలు దాచుకోవచ్చు మార్తా. ఇంత చలేంటి?"

"బాయిలర్ పోయింది. మీవాళ్లలో ఎవరికైనా వచ్చా బాగుచెయ్యడం?"

"మా వాళ్లకి పగలగొట్టడమొకటే వచ్చు." పెద్దగా నవ్వాడు. "పత్రిక నుంచి ఫోటోగ్రాఫరొస్తున్నాడు. మాటలు రాస్తే చదవట్లేదట జనం, బొమ్మ కావాలట. ఎవరీసారి?"

"ఈసారి వదిలెయ్యండి. ఎన్నికలకింకా మూడు వారాలున్నాయి. వచ్చే వారం రండి."

"వచ్చే వారం కుదరదు. పై నుంచి తేదీ ఇచ్చేశారు." అతను వేళ్లు తుడుచుకున్నాడు. "ఇంకో పిల్లని చూపించు. నాకెవరైతే ఏంటి? నాకు వాళ్లంతా ఒక్కలాగే ఉంటారు."

మార్తా బల్ల మీద రాలిన రొట్టె పొడిని చేత్తో కిందికి ఊడ్చింది.

"నేనెప్పుడూ అంటుంటాను, ఫ్యారెల్ కంటే నువ్వు వెయ్యిరెట్లు నయమని. నీ దగ్గర ఒక పద్ధతుంది, ఏడుపులుండవు. ఆ పలక చూసి మా ఇంట్లో పిల్లలకి కూడా ఒకటి పెట్టా, గిన్నెలు కడగడానికి." అతను టోపీ తీసుకున్నాడు. "పోనీ ఈసారి ఎవ్వరూ వద్దంటావా? నాకేం అభ్యంతరం లేదు. ఫైరింజను ఆఫీసువాళ్లని తనిఖీకి పంపిస్తా. బాయిలర్ లేని హాలు, స్ప్రింగులు లేచిన కుర్చీలు. ఎంతమందున్నారు నీ కింద?"

"ముప్పై ఒక్కమంది."

"ముప్పై ఒక్కమంది," అన్నాడు డ్రిస్కల్, చాలా బాధగా. "మూడున్నరకి."

టికెట్టు గది వీధి వైపు గాజు కిటికీతో పెట్టెలా ఉంటుంది. వెనక చిన్న తలుపు. అందులో ముప్పై ఏళ్లుగా కూర్చునేది ఎగ్నెస్. అరవై మూడేళ్ల మనిషి. కూర్చుని కూర్చుని కాళ్లు వాచాయి. మగాళ్ల చెప్పులు వేసుకుంటుంది. ఆమె కుడికాలి కింద, నేలలో, గుర్రపునాడా అంత ఇనుప మీట ఉంది. పోలీసేమోనని అనుమానం పుట్టించే మనిషి లోపలికి వెళ్తే ఎగ్నెస్ దాన్ని తొక్కుతుంది. స్టేజీ అంచు దీపాల వరసలో మూడు ఎర్ర బల్బులు వెలుగుతాయి. కాలు తీస్తే స్ప్రింగు మీటను పైకి నెట్టేస్తుంది, బల్బులు ఆరిపోతాయి. ఎర్రది వెలిగినంతసేపూ పైబట్ట మెడదాకా బిగించుకుని, పిల్లలకు చూపించగలిగేలా ఆడాలి. ఇది ఈ హాల్లో పలక కంటే పాత నియమం. గుంపులో కొత్తగా చేరిన పిల్లకు అడుగులకంటే ముందు ఇదే నేర్పుతారు.

మార్తా చిన్న తలుపు తీసి వంగి లోపలికి చూసింది. "మూడున్నరకి డ్రిస్కల్ వస్తాడు. మీట నొక్కకు."

ఎగ్నెస్ చిల్లర నాణేలను దొంతరలు పెడుతోంది. చెయ్యి ఆపలేదు. "వెర్నానా?"

"ఎవరి వంతైతే వాళ్లు."

"నేనడిగింది అది కాదు."

"వెర్నానే."

"పొద్దున ఆ పిల్ల నాకొక గౌను చూపించింది. కోర్టుకి వేసుకెళ్లడానికి. ఏడు డాలర్లంట. మెడదాకా ఉంది, చేతులు మణికట్టుదాకా. బాగుందా అమ్మా, తల్లిలా ఉన్నానా అనడిగింది." ఎగ్నెస్ ఒక దొంతరను పక్కకు జరిపింది. "నువ్వప్పుడు కోర్టుకి బూడిదరంగుది వేసుకెళ్లావు."

మార్తా తలుపు వేసి వెళ్లిపోవాల్సింది. ఇరవై రెండేళ్లుగా వాళ్లిద్దరూ ఈ విషయం ఎత్తలేదు. రోజూ ఒకరికొకరు కాఫీ తెచ్చుకున్నారు, ఎగ్నెస్ మొగుణ్ణి పాతిపెట్టిన రోజు మార్తా పక్కనే నిలబడింది. ఇది మాత్రం ఎత్తలేదు.

"ఆ రోజు నీకు తెలుసా?" అంది మార్తా. "అన్నా సంగతి?"

"తెలుసు."

"తెలిసీ నొక్కలేదు."

"ఫ్యారెల్ వద్దన్నాడు. వారానికి పద్నాలుగు డాలర్లిచ్చేవాడు. మా ఆయనకి పని లేదు." ఎగ్నెస్ మొదటిసారి తలెత్తింది. "కాలు తీసుకెళ్లి కుర్చీ కోడు మీద పెట్టుకున్నా. అంతే. నేను చేసిందల్లా అంతే. తేలిగ్గా ఉంటుందది మార్తా. ఏమీ చెయ్యక్కర్లేదు కదా."

"నేను ఫ్యారెల్‌ని కాను."

"కాదు. వాడు మనిషిని చూసి పంపేవాడు. నువ్వు పలకని చూసి పంపుతావు."

మార్తా ముఖం ఎర్రబడింది. "ముప్పై ఒక్కమందికి అన్నం పెడుతున్నా నేను. అందులో నువ్వొకదానివి. వారానికి ముప్పై ఎనిమిది. ఈ కాళ్లతో నీకు బయట ఎవడిస్తాడు?"

"ఎవడూ ఇవ్వడు," అని ఒప్పుకుంది ఎగ్నెస్. కిటికీ అవతల ఒక ముసలివాడు వచ్చి డాలరు నోటు జాపాడు. ఆమె టికెట్టు చింపి, పది సెంట్లు గాజు కింద నుంచి తోసింది. "లోపల చలిగా ఉంది తాతా, కోటు విప్పకు."

మూడున్నర ఆటకు అరవై మంది వచ్చారు. తెర లేచింది. గుంపు నాట్యం అయింది. లూ తన వదులు ప్యాంటు జారవిడిచి, పట్టుకుని, మళ్లీ జారవిడిచాడు. నవ్వులు దూరం దూరంగా వినిపించాయి. మార్తా హాలు వెనక ఇత్తడి కమ్మీ దగ్గర నిలబడింది. అక్కడి నుంచి చూస్తే తలలన్నీ కోటు కాలర్లలో ముడుచుకుని ఉన్నాయి.

నాలుగో పాటకు వెర్నా వచ్చింది. నీలంరంగు పొడుగు పైబట్ట. వాద్యగాళ్లు అయిదుగురే, చలికి బాకా సరిగా పలకడం లేదు. ఆమె నడకలో తప్పేమీ లేదు. నవ్వు కూడా ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ఒకసారి మాత్రం హాలు వెనక్కి చూసింది. మార్తా ఆ చూపు పట్టుకోకుండా కమ్మీ మీది మరకను బొటనవేలితో రుద్దింది.

డ్రిస్కల్ ఇద్దరు కానిస్టేబుళ్లతో లోపలికొచ్చాడు. వెనక ఫోటోగ్రాఫర్, మెడలో వెడల్పాటి కెమెరా. నలుగురూ గోడ పక్కన నిలబడ్డారు. వెర్నా చేతులు భుజం దగ్గరి ముడి మీదికి వెళ్లాయి. ఫోటోగ్రాఫర్ కెమెరాకు ఫ్లాష్ బల్బు బిగించాడు.

అప్పుడు స్టేజీ అంచున మూడు ఎర్ర దీపాలు వెలిగాయి.

వెర్నా చేతులు ముడి మీదే ఆగిపోయాయి. ఒక్క క్షణం ఆమెకు నమ్మకం కలగనట్టుంది. తర్వాత ఆ చేతులే, నేర్చుకున్న విద్య కాబట్టి, ముడిని విప్పకుండా బిగించాయి. పైబట్టను మెడదాకా లాక్కుంది, గుండీలు పెట్టుకుంది. రెండు చేతులూ మడిచి, చర్చి ముందు వరసలో నడిచే ఆడమనిషిలా స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. ముందు వరసలో ఒకడు ఈల వేశాడు. "డబ్బులు వెనక్కివ్వండ్రా," అని ఇంకొకడు అరిచాడు.

డ్రిస్కల్ మార్తా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏంటిది?"

"నాకు తెలీదు."

"చలికోటు తొడుక్కున్న ఆడదాని బొమ్మ ఎవడేసుకుంటాడు పేపర్లో? ఆర్పించు దాన్ని."

ఆమె బయటికి నడిచింది. డ్రిస్కల్, ఫోటోగ్రాఫర్ వెనకే వచ్చారు. చిన్న తలుపు తీసింది. ఎగ్నెస్ కుర్చీలో ముందుకు వంగి, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని ఉంది. వాచిన కుడికాలు మీట మీద ఉంది.

"కాలు తియ్యి ఎగ్నెస్."

"తియ్యను."

"పిచ్చెక్కిందా నీకు? హాలు మూయించేస్తారు."

"మూయించనీ. నేను తియ్యను." గొంతు పెద్దగా లేదు. టికెట్లు అయిపోయాయని చెప్పే గొంతే అది. "ఇరవై రెండేళ్ల క్రితం తీశా. ఇంక తియ్యను."

"ఎంతసేపు తొక్కుతావు ముసల్దానా?" అన్నాడు డ్రిస్కల్ మార్తా భుజం మీదుగా తొంగిచూసి. అతనికి నవ్వొచ్చింది కూడా. "నీ కాలు చూసుకో ఎలా వణుకుతోందో."

నిజమే. చెప్పులోంచి పొంగిన పాదం, నీలంగా తేలిన నరాలు, మోకాలిదాకా కాలంతా వణుకుతోంది. మీట కొంచెం కొంచెంగా పైకి లేస్తోంది. లోపల వాద్యగాళ్లకు ఆపమని ఎవరూ చెప్పలేదు. అయిపోయిన పాటనే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. తెరిచి ఉన్న తలుపుల్లోంచి, చీకటి హాలు అవతల, మెడదాకా గుండీలు పెట్టుకున్న నీలం బట్ట ఇటు నుంచి అటు నడవడం కనిపిస్తోంది. ఆమె ముందు మూడు ఎర్రచుక్కలు మినుకుమినుకుమంటున్నాయి.

డ్రిస్కల్ జేబులోంచి పుస్తకం తీసి పెన్సిలు నాలుక మీద తడిచేసుకున్నాడు. "నాకొక పేరు కావాలి మార్తా. పేరు లేకుండా నేను వెనక్కి పోలేను. ఎవరిది రాయను?"

ఫోటోగ్రాఫర్ కెమెరా ఎత్తి, ఎటు తిప్పాలో తెలియక, మధ్యలో పట్టుకున్నాడు.

మార్తా ఆ ఇరుకు గదిలో నేల మీద మోకాళ్ల మీద కూర్చుంది. ఎగ్నెస్ వణికే మోకాలి మీద రెండు చేతులూ వేసి కిందికి అదిమి పట్టింది.

"పేరు," అన్నాడు డ్రిస్కల్.

అవతల దీపాలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.